గరివిడి నల్ల రాయి, ఉద్దానం కొబ్బరి నీళ్లు

గరివిడి స్టేషన్లో దిగి ఊరి బయటికి నడిస్తే ఎర్ర నేలలో నల్లటి చారలు కనిపించడం మొదలవుతుంది. పాత తవ్వకాల గుంతల పక్కన వదిలేసిన రాళ్ల కుప్పలున్నాయి. ఒక ముక్క తీసి వేళ్ల మధ్య రుద్దాను. చూస్తుండగానే వేళ్లు నల్లబడ్డాయి, బరువు మాత్రం దాని సైజుకు రెండింతలుంది. మాంగనీస్ ఖనిజం.

చాలా ఏళ్లు కాలేజీలో జీవరసాయన శాస్త్రం చెప్పాను. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా బొమ్మను బోర్డు మీద గీసి, లోపలి పొర మడతల్లో ఇనుము ఇక్కడ, రాగి ఇక్కడ, మధ్య గదిలో మాంగనీస్ అని చుక్కలు పెట్టేవాణ్ణి. ఆ చుక్కలన్నీ విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో రైలు దారి పొడుగునా మనుషుల బతుకుల్లో తగులుతాయని పాత విద్యార్థి ఒకడు ఉత్తరం రాశాడు. అతను శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతంలో డయాలసిస్ టెక్నీషియన్. ఆ ఉత్తరం పట్టుకునే బయల్దేరాను.

మన దేశంలో మాంగనీస్ తవ్వకం 1892లో ఈ నేల మీదే మొదలైంది. అప్పటికి ఇదంతా విశాఖపట్నం జిల్లా. కోడూరు, గర్భాం, గరివిడి గనుల రాయి విశాఖ రేవు మీదుగా విదేశాల ఉక్కు కొలుములకు పోయేది. లూయిస్ లీ ఫెర్మర్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇక్కడి రాళ్లను తిరగేసి, కోడూరు పేరు మీదే ఒక రాతి రకానికి ‘కోడురైట్’ అని పేరు పెట్టాడు. భారతదేశపు మాంగనీస్ నిక్షేపాల మీద 1909లో వచ్చిన ఆయన గ్రంథం ఇప్పటికీ ఆ రంగంలో పెద్ద దిక్కు. ప్రపంచ భూగర్భ శాస్త్రంలో మన చీపురుపల్లి పక్క పల్లె పేరు నిలిచిపోయిందన్న సంగతి ఇక్కడి బడి పిల్లలకు ఎవరైనా చెబితే బాగుండును.

గుంత గట్టున మేకలు తోలుకొస్తున్న ముసలాయన ఆగాడు. “ఏటి సూత్తన్నారు బాబూ? అది మాగనీసు రాయి. మా అయ్య, నాను, ఇద్దరం ఇదే పని సేసినాం.” రాయి పగలగొట్టడం, జల్లెడ పట్టడం, తట్టలకెత్తడం. సాయంత్రానికి ఉమ్మి కూడా నల్లగా పడేదట. కాసేపయ్యాక ఆయనే అడిగాడు. “ఆ దుమ్ము లోపలికెల్తే ఏటవుద్ది బాబూ?”

ఆయనకు చెప్పినదాన్నే ఇక్కడ ఇంకొంచెం వివరంగా చెబుతాను. మాంగనీస్ లేకపోతే మనిషి బతకడు. ఒంట్లో మొత్తం కలిపి 10 నుంచి 20 మిల్లీగ్రాములకు మించదు గానీ, ఆ కాస్తలో ఒక వంతు మైటోకాండ్రియాలో కూర్చుని ప్రాణాలు కాపాడుతుంది. మనం పీల్చిన ఆక్సిజన్ చివరికి చేరేది మైటోకాండ్రియాకే. అక్కడ తిండి నుంచి వచ్చిన ఎలక్ట్రాన్లు ఒక ప్రోటీన్ నుంచి ఇంకో ప్రోటీన్‌కు చేతులు మారుతూ ఆక్సిజన్ దాకా వెళ్తాయి. ఆ దారిలో కొన్ని జారిపోయి ఆక్సిజన్‌ను సూపర్ఆక్సైడ్ అనే దుందుడుకు రూపంలోకి మారుస్తాయి. దాన్ని అక్కడికక్కడే అణిచేసే ఎంజైము గుండెలో ఉండేది మాంగనీస్ పరమాణువు. ఆ ఎంజైము లేకుండా పుట్టించిన ఎలుక పిల్లలు కొద్ది రోజుల్లోనే గుండె దెబ్బతిని చనిపోయాయని 1995లో తేలింది.

అదే మాంగనీస్ ఎక్కువైతే మెదడులో చేరుతుంది. 1837లో స్కాట్లండులో జాన్ కూపర్ అనే వైద్యుడు, మాంగనీస్ రాయి పొడి చేసే కూలీల్లో నడక తడబడటం, మాట నీరసించడం, ముఖంలో కదలిక తగ్గడం గమనించి రాశాడు. తిండితో వచ్చిన మాంగనీస్‌లో నూటికి ఐదు వంతులకు మించి పేగు లోపలికి రానివ్వదు. వచ్చినదాన్ని కాలేయం పైత్యరసంలో కలిపి బయటికి పంపేస్తుంది. ఊపిరితో పీల్చిన దుమ్ముకు ఈ రెండు కాపలాలూ లేవు. అందుకే గనిలో, కొలిమి దగ్గర మూతికి గుడ్డ సరిపోదు, సరైన మాస్కు కావాలి. “మా కాలంలో గుడ్డే లేదు బాబూ,” అన్నాడాయన.

మెదడు కణంలోకి చేరాక మాంగనీస్ మైటోకాండ్రియాలోకి ఎలా దూరుతుంది? ఈ ప్రశ్నకు జవాబులో ఒక తెలుగు పేరుంది. మైటోకాండ్రియా లోపలి పొరలో కాల్షియం వెళ్లే ఒక ద్వారం ఉందని ఎన్నో ఏళ్లుగా తెలుసు గానీ, అది ఏ ప్రోటీనో పట్టుబడలేదు. 2011లో ఒకేసారి రెండు బృందాలు దాన్ని పట్టుకున్నాయి. ఒకటి ఇటలీలోని పాదువాలో, రెండోది అమెరికాలో హార్వర్డ్‌కు చెందిన వంశీ మూతా ప్రయోగశాలలో. తెలుగు మూలాలున్న మూతాకు 2014లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ ద్వారం పక్కనే కాపలాగా ఇంకో ప్రోటీన్ ఉంటుంది. 2018లో ఆయన బృందం తేల్చిన సంగతి నన్ను గరివిడి దాకా నడిపించింది: కాల్షియాన్నీ మాంగనీస్‌నూ వేరుగా పోల్చుకుని, రెండోదాన్ని ఆపేది ఆ కాపలా ప్రోటీనే. అది లేని కణాలు కొద్దిపాటి మాంగనీస్‌కే విషమెక్కి పడిపోతాయి. నా కాలంలో పాఠ్యపుస్తకంలో ఈ భాగం ఖాళీగా ఉండేది.

అంటే మైటోకాండ్రియా ఏ లోహాన్ని ఎంత రానివ్వాలో క్షణక్షణం తేల్చుకుంటూ ఉంటుంది. ఆ తేల్చుకోవడం చెడితే శక్తి లెక్క కూడా చెడుతుంది. ఈ ప్రయాణంలో నేను వెతికింది ఆ లెక్కనే.

చీపురుపల్లి దాటి లోపలికి ఉన్న ఒక పల్లెలో ఆరోగ్య ఉపకేంద్రం అరుగు మీద ఆశా కార్యకర్త గర్భిణులను కూర్చోబెట్టి మాత్రలు పంచుతోంది. ఎర్ర మాత్ర. ఒక్కోదానిలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్. ఒకమ్మాయి తల దించుకుని, “నల్లగా అవుతంది అప్పా, అందుకే మానేసినాను,” అంది. “ఆ నలుపు మందుదేనమ్మీ, రోగం కాదు. ఏసుకో,” అని ఆశా నచ్చజెప్పింది. “ఎప్పుడేసుకుంటన్నావు?” “పొద్దున టీ తాగినప్పుడే.” ఆశా కార్యకర్త నుదురు కొట్టుకుంది. టీలోని వగరు పదార్థాలు ఇనుమును పట్టేసి పేగులో దిగనివ్వవు. అన్నం తిన్నాక గంట ఆగి, కాస్త నిమ్మరసంతోనో, ఉసిరికాయ ముక్కతోనో వేసుకోమని చెప్పింది. చోడంబలి తాగమని కూడా చెప్పింది. నా పాఠాల్లో ఇంత సూటిగా నేనెప్పుడైనా చెప్పానా అనిపించింది.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. అందరిదీ ఇనుము కొరతే కాదు, కానీ పెద్ద వాటా దానిదే. రక్తహీనత అంటే రక్తం సంగతే అని మనం అనుకుంటాం. ఎర్ర రక్తకణాల్లోని హీమ్ తయారీలో చివరి మెట్టు, అంటే వలయం మధ్యలో ఇనుము పరమాణువును కూర్చోబెట్టే పని, జరిగేది మైటోకాండ్రియాలోనే. ఇనుము, గంధకం కలిసిన గుత్తులు తయారయ్యేదీ అక్కడే. ఎలక్ట్రాన్లు చేతులు మారే ప్రోటీన్లు నడిచేది ఈ గుత్తుల మీదే. అందుకే హిమోగ్లోబిన్ ఇంకా పడిపోక ముందే ఇనుము తక్కువైన మనిషికి నీరసం, ఒళ్లు బరువు, మెట్టెక్కితే ఆయాసం. పని చేయబుద్ధి కావడం లేదంటే సోమరితనమని ఇంట్లో తిట్టించుకునే కోడళ్లెందరో ఆ అరుగు మీద ఉన్నారు. వాళ్ల కణాల్లో శక్తి లేదని ఎవరైనా ఆ అత్తలకు చెప్పాలి.

ఇక నేను గట్టిగా చెప్పదలుచుకున్న మాట ఇది. పేగు గోడలో ఇనుమును లోపలికి తెచ్చే ప్రోటీన్ ఒకటుంది. 1997లో గుర్తించారు, డీఎంటీ1 అంటారు. అది ఇనుమునే కాదు, మాంగనీస్‌నూ, కాడ్మియాన్నీ కూడా మోస్తుంది. ఒంట్లో ఇనుము తగ్గితే శరీరం ఆ ప్రోటీన్‌ను ఎక్కువగా తయారుచేస్తుంది. ఇనుము కోసం ఆత్రంగా చేతులు చాస్తే అవి పట్టుకొచ్చేది ఇనుమునొక్కదాన్నే కాదు. ఇనుము కొరత ఉన్నవాళ్లు మాంగనీస్‌ను, కాడ్మియాన్ని ఎక్కువగా పీల్చుకుంటారని ఎన్నో దేశాల్లో మళ్లీ మళ్లీ కనిపించింది. కాబట్టి గరివిడి దుమ్మును ఒక శాఖ, చీపురుపల్లి రక్తహీనతను ఇంకో శాఖ, ఉద్దానం కిడ్నీ జబ్బును మరో శాఖ విడివిడిగా చూసుకోవడం నాకు నచ్చలేదు. కణం దృష్టిలో అవి ఒకే లెక్క.

చీపురుపల్లిలో ప్యాసింజరు ఎక్కాను. పొందూరు దాటాక నాగావళి, శ్రీకాకుళం రోడ్డు తర్వాత వంశధార. కిటికీ పక్కన కూర్చుని ఆ మాత్రల పొట్లం గురించే ఆలోచించాను, ఎందుకంటే దానిలోని ఫోలిక్ యాసిడ్ వెనక కూడా మనవాడే ఉన్నాడు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో అమెరికా లెడర్లీ ప్రయోగశాల 1945లో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. అంతకు ముందు హార్వర్డ్‌లో ఉన్నప్పుడు సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని కనిపెట్టాడు. ఆ పద్ధతితోనే 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ దొరికింది. 1929లో ఏటీపీ. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని విడిగా కనుగొన్నాడు. మైటోకాండ్రియా అంత శ్రమపడి తయారుచేసే శక్తి రూపం ఈ ఏటీపీనే. అది కూడా ఒంటరిగా పని చేయదు, మెగ్నీషియం అనే ఇంకో లోహాన్ని పట్టుకునే తిరుగుతుంది. ఒంట్లో ఏ క్షణాన చూసినా ఏటీపీ పావుకిలోకు మించి ఉండదు, కానీ ఒక రోజులో మళ్లీ మళ్లీ కరిగి తయారయ్యేదంతా తూస్తే మనిషి బరువుకు దగ్గరగా వస్తుంది.

పలాసలో దిగేసరికి గాలిలో కాలిన జీడి వాసన. ఒక చిన్న షెడ్డులో ఆడవాళ్లు వరసగా కూర్చుని కాల్చిన గింజల పెంకు కొడుతున్నారు. పెంకులో ఉండే రసం చర్మాన్ని కాల్చేస్తుంది. చేతులకు నూనె, బూడిద పూసుకుని, పప్పు విరగకుండా ఒక్క దెబ్బతో పెంకు విడదీస్తారు. ఒకామె అరచేతులు చూపించింది. వేళ్ల కొసల్లో చర్మం ముదిరి నల్లబడి, గీతలు పోయాయి. “వేలిముద్ర పడతా లేదు బాబూ, రేషను మిషను ఒప్పుకోదు,” అంది.

కణం ఇనుముతో, రాగితో చేసే పని నాకు ఆ చేతుల్లో కనిపించింది. లోహం లేకుండా శక్తి లేదు, ఉత్త చేత్తో ముట్టుకుంటే కాలుస్తుంది. విడిగా తిరిగే ఇనుము హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కలిస్తే కణంలో దేన్నైనా చీల్చేసే రాడికల్ పుడుతుంది. అందుకే కణం ఇనుమును ఫెర్రిటిన్ అనే బోలు ప్రోటీన్‌లో దాస్తుంది. ఒక్కదానిలో 4,500 పరమాణువుల దాకా పడతాయి. రాగి విషయంలో జాగ్రత్త ఇంకా ఎక్కువ. ఈస్టు కణంలో ఎవరి చేతిలోనూ లేకుండా తిరిగే రాగి అయాను సగటున ఒక్కటి కూడా ఉండదని 1999లో లెక్కగట్టారు. రాగి ఎప్పుడూ ఒక ప్రోటీన్ నుంచి మరో ప్రోటీన్‌కు చేతికి చెయ్యిగా అందుతూ, ఆక్సిజన్ నీరుగా మారే చివరి మజిలీకి చేరుతుంది. అన్నట్టు, రాగి, మెగ్నీషియం రెండూ దండిగా ఉన్న గింజల్లో జీడిపప్పు ఒకటి. దాన్ని కొట్టే ఈ అమ్మలు ఎంత తింటారో నేను అడగలేదు. అడగాల్సిన పనీ కనిపించలేదు.

పలాస నుంచి బస్సు. మందస, సోంపేట, కవిటి. ఇక్కడి నుంచి కొబ్బరి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ తోటల్ని నేలమట్టం చేసింది. ఆ తర్వాత వేసిన చెట్లు ఇప్పుడిప్పుడే గెలలు పడుతున్నాయి. ఇంత పచ్చటి చోట కిడ్నీ జబ్బు ఇంటింటా ఉందంటే కొత్తవాళ్లు నమ్మరు. 2019లో వెలువడిన ఒక సర్వేలో ఉద్దానం పెద్దవాళ్లలో సుమారు 18 శాతం మందికి దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు కనిపించింది. వాళ్లలో ఎక్కువమందికి షుగరూ లేదు, బీపీ కారణమూ కాదు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతపు వరి రైతుల్లో, మధ్య అమెరికా చెరకు కూలీల్లో కూడా ఇదే తీరు జబ్బు.

నా విద్యార్థి డయాలసిస్ కేంద్రం బయటే ఎదురుచూస్తున్నాడు. “రండి మాస్టారూ, ముందు నీళ్ల గది చూద్దురు గాని.” మనుషుల్ని చూపిస్తాడనుకుంటే నీళ్ల దగ్గరికి తీసుకెళ్లాడు. అతను చేసింది సరైన పని. ఒక డయాలసిస్ నాలుగు గంటలు, నిమిషానికి అర లీటరు ద్రవం. అంటే ఒక్క పూటలో రోగి రక్తం పలచటి పొర అవతల 120 లీటర్ల నీటిని తాకుతుంది. మామూలు మనిషి ఇంచుమించు రెండు నెలల్లో తాగే నీళ్లవి. మనం తాగే నీటికి పేగు కాపలా ఉంటుంది, ఈ నీటికి ఏ కాపలా లేదు. 1970లలో పాశ్చాత్య దేశాల్లో డయాలసిస్ నీటిలోని అల్యూమినియం మెదడులో చేరి రోగుల మాట పడిపోయి మరణించిన ఘటనలున్నాయి. ఆ తర్వాతే నీటిని ఇంత కడుగుతున్నారు. ఇసుక, బొగ్గు, మెత్తబరిచే రెసిన్, ఆపై ఆర్వో పొర. అతను మీటరు దగ్గర వంగి నీటి వాహకత అంకె చదివి, పుస్తకంలో టైముతో సహా రాసి, సంతకం పెట్టాడు. నా క్లాసులో వెనక బెంచీలో కూర్చునే కుర్రాడు. ఆ సంతకం చూస్తే నాకు గర్వంగా అనిపించింది.

లోపల మంచం మీద ఉన్న కొబ్బరి రైతు తన కాగితం తీసి చూపించాడు. ఇక్కడ పలకరింపే వేరు. “క్రియాటిన్ ఎంతుంది?” అని అడుగుతారు. వాళ్లు అలా అనేది రక్త పరీక్షలోని క్రియాటినిన్‌ను. అది పుట్టేది కండరంలోని క్రియాటిన్, ఫాస్ఫోక్రియాటిన్ అరిగిపోయినప్పుడే. భీమవరం మనిషి 1927లో బయటపెట్టిన పదార్థపు మిగులునే కవిటిలో రైతులు టీ కొట్టు దగ్గర ఒకరినొకరు అడుగుతున్నారు. కాగితంలో ఇంకో వరస ఫాస్ఫరస్. దాన్ని కొలవడం నేర్పినవాడూ ఆయనే.

“నా తోటలో బొండం నాను తాగకూడదట బాబూ,” అన్నాడు రైతు. నిజం. కొబ్బరి నీళ్ల నిండా పొటాషియం. అదీ లోహమే. మంచి కిడ్నీ ఎక్కువైన పొటాషియాన్ని మూత్రంలో పంపేస్తుంది. చెడిన కిడ్నీ పంపలేదు, రక్తంలో పెరిగితే గుండె ఆగిపోతుంది. పనస తొన కూడా అంతే. తన చేత్తో పెంచిన చెట్టు కాపు తనకే పనికిరాకుండా పోవడం కన్నా బాధ ఏముంటుంది.

కిడ్నీయే ఎందుకు ముందు దెబ్బతింటుందన్నదానికి జవాబు మైటోకాండ్రియాలో ఉంది. రెండు కిడ్నీలు కలిపి ఒంటి బరువులో నూటికి ఒక వంతు కూడా ఉండవు, కానీ గుండె కొట్టే రక్తంలో అయిదో వంతు వాటికే పోతుంది. రోజుకు 180 లీటర్ల ద్రవాన్ని వడకట్టి, నూటికి 99 వంతులు మళ్లీ లోపలికి లాక్కుంటాయి. ఆ లాక్కోవడానికి సోడియంను పంపు చేయాలి, పంపుకు ఏటీపీ కావాలి. అందుకే మూత్రనాళికల మొదటి భాగంలోని కణాలు మైటోకాండ్రియాతో కిక్కిరిసి ఉంటాయి. గుండె తర్వాత వాటి సాంద్రతలో కిడ్నీదే స్థానం. వడకట్టిన ద్రవంలో కొట్టుకొచ్చే ప్రోటీన్లను కూడా ఈ కణాలే ఏరుకుంటాయి. కాడ్మియం కాలేయంలో ఒక చిన్న ప్రోటీన్‌కు అంటుకుని, దాన్నే వాహనం చేసుకుని ఇక్కడ దిగుతుంది. ఒకసారి చేరితే సగం పోవడానికే 10 నుంచి 30 ఏళ్లు. కాల్షియం ద్వారం గుండా మైటోకాండ్రియాలో దూరి ఎలక్ట్రాన్ల దారిని అడ్డుకుంటుంది. ఎండలో నీళ్లు లేకుండా చేసే పని, నొప్పి మాత్రలు ఈ కణాలకు అందే రక్తాన్నే తగ్గిస్తాయి. ఉద్దానం జబ్బుకు ఫలానా లోహమే కారణమని ఎవరూ నిరూపించలేదు. నీటిలోని సిలికా, లోహాలు, పురుగు మందులు, ఎండ, మాత్రలు, పుట్టుక, అన్నింటి మీదా అనుమానాలున్నాయి. దెబ్బ పడే చోటు మాత్రం ఈ నాళికల కణాలే.

చెడిన కిడ్నీ మళ్లీ ఇనుము లెక్కనూ తారుమారు చేస్తుంది. రక్తం పుట్టించే హార్మోను తగ్గుతుంది, ఉన్న ఇనుము నిల్వల్లోనే తాళం పడి ఉండిపోతుంది. అందుకే ఆ రైతుకు సూదిలో ఇనుము ఎక్కిస్తున్నారు.

హిరమండలం రిజర్వాయరు నుంచి వంశధార నీటిని ఉద్దానానికి తెచ్చే దాదాపు 700 కోట్ల పథకం, పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. మంచి పనులు. ఆ పరిశోధనలో రక్తంలో లోహాలు కొలిచిన ప్రతిచోటా పక్కనే ఫెర్రిటిన్ కూడా కొలవాలని నా కోరిక. ఇనుము నిల్వ తెలియకుండా కాడ్మియం అంకె ఒక్కటీ చూస్తే సగం కథే తెలుస్తుంది.

సాయంత్రం రైతు కొడుకు మమ్మల్ని ఇంటికి తీసుకెళ్లాడు. “కొళాయి నీరు వొచ్చింది మాస్టారూ. మా పిల్లలకి ఇంకేటి సెయ్యమంటారు?” అని అడిగాడు. ఏడాదికోసారి రక్తం, మూత్రం పరీక్ష, ఎండలో పనికెళ్తే నీళ్ల సీసా, ఒళ్లు నొప్పులకు కొట్లో కొనే మాత్రలు మానడం అని చెబుతుండగా అతని భార్య లోపలికెళ్లి కూతురి బడి ఆరోగ్య పరీక్ష కాగితం తెచ్చింది. క్రియాటినిన్ 0.6. హిమోగ్లోబిన్ 9.2.

“క్రియాటిన్ బాగుంది కదండీ?” అంది ఆమె.

బాగుందమ్మా, ముందు రెండో అంకె సంగతి మాట్లాడుకుందాం అని, ఆ పిల్ల ఏం తింటుందో, టీ ఎప్పుడు తాగుతుందో అడగడం మొదలుపెట్టాను.